పిట్టలకు పడని గాలి

సిరిసిల్లలో మా మేనత్త ఇంటికి పోవడమంటే చిన్నప్పటి నుంచీ నాకు ఇష్టం. అక్కడ నన్ను ఎవరూ మాట్లాడమనరు. ముందు గదిలో మరమగ్గాలు నడుస్తుండేవి. వాటిని అక్కడ సాంచాలంటారు. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి చాయ్ కావాలన్నా సైగే, వద్దన్నా సైగే. నలుగురిలో నోరు తెరవలేని నాకు అంతకన్నా మంచి ఇల్లు ఉండేది కాదు. నూలు కండెల గంప పక్కన కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని.

ఆ ఎండాకాలం అక్కడికి పోయినప్పుడు గడప దగ్గరే ఆగిపోయాను. చప్పుడు లేదు. లోపలికి తొంగి చూస్తే సాంచాలే లేవు. అవి నిలబడ్డ చోట నేల మీద నల్లటి నూనె మరకలు, బోల్టులు ఊడదీసిన గుంతలు. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి, విప్పి, తూకం వేసుకుని తీసుకుపోయారట. బట్ట నేసిన యంత్రాన్ని పాత గిన్నెల్లాగా తూకానికి ఇస్తారని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ గుంతల వైపే చూస్తూ నిలబడ్డాను.

"కూసో బిడ్డా," అంది మా అత్త. "ఇగ మా ఇంట్ల గూడ మాటలు ఇనవడ్తయ్."

మామయ్య అప్పటికే మహారాష్ట్రలోని భివండి పోయాడు. అక్కడ వేరేవాళ్ల సాంచాల మీద పని. ఒక గది దొరికిందని ఫోన్ చేశాడు. అత్త, ఆమె కూతురు వచ్చే ఆదివారం బయలుదేరాలి. ఇంట్లో సామాను చాలావరకు మూటలైపోయింది. ఎటూ తేలనిది ఒక్క పంజరం. అందులో రెండు లవ్ బర్డ్స్, ఒకటి పచ్చది, ఒకటి నీలిది. వాటిని గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచి సాకింది మా మరదలే. బడిలో చదివే చిన్నపిల్ల. పంజరాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"భివండిల మేముండే అర్ర కింద సాంచాలేనట. గాడ మనుషులకే జాగ లేదట వదినే," అంది. "కోనరావుపేటల మా పెద్దనాయినోళ్లు పెట్టుకుంటమన్నరు గని, ఆళ్ల ఇంట్ల పిల్లి ఉన్నది."

"ఇడిసిపెడ్తే అవే బతుకుతయ్," అంది అత్త మూట కడుతూ.

"కాకులు పొడిసి తింటయ్," అంది మరదలు, తల ఎత్తకుండా.

వాటిని మా ఇంట్లో పెట్టుకుంటామని మా అమ్మ ఫోన్‌లో మరదలికి ముందే మాట ఇచ్చేసిందట. ఇక చెప్పాల్సింది నేను. ఇంట్లో వాటిని చూసుకోవాల్సింది నేనే కదా. వాటికి ఏమేం కావాలో ముందు తెలుసుకుని చెప్తానన్నాను.

మరదలు నన్ను ఎగాదిగా చూసింది. "పిట్టకేం గావాలె వదినే? గింజలు, నీళ్లు. దీనికి గూడ పుస్తకం సదువుతవా?"

"సదువుతది," అంది అత్త. "మీ వదినె చాయ్ పెట్టాలన్నా పుస్తకం సదివే పెడ్తది."

నేను ఉడుక్కోలేదు. అది నిజమే. మా ఊరు కోరుట్ల నుంచి జగిత్యాలకు కాలేజీకి పోయేదాన్ని, అక్కడి గ్రంథాలయంలో నాకు తెలియని అల్మారా లేదు. మర్నాడు వెళ్లి వెతికితే పక్షుల గురించి ఒకే పుస్తకం దొరికింది. కోళ్ల పెంపకం. అందులో కోడి బరువు పెరగడం గురించి ఉంది తప్ప, కోడి బతకడం గురించి పెద్దగా లేదు. ఫోన్‌లో వెతికాను. ఒకరు ఔనన్నది ఇంకొకరు కాదన్నారు. నాకు తెలిసినంతవరకు డైరీలో రాసుకున్నాను. కొర్రలు, ఆకుకూర, పొద్దుటి ఎండ, రెక్కలు చాపుకునేంత పంజరం. ఏదో మిగిలిపోయిందనిపించింది. చివరికి, జీవితంలో మొదటిసారి, నా అంతట నేను ఒక దవాఖానకు పోయాను. మా ఊరి పశువుల దవాఖానకు.

అక్కడ బర్రెలు, మేకలు, ఒక కుక్క. అందరి చేతుల్లో తాళ్లు. నా చేతిలో డైరీ. మేకను పట్టుకున్న ముసలాయన నన్ను చూసి పక్కవాడితో, "గీ పిల్ల వట్టి చేతులతోని అచ్చింది. రోగం దీనికేనేమో," అన్నాడు. అక్కడున్న వాళ్లు నవ్వారు. ఆ నవ్వుకే నేను వెనక్కి తిరిగి పోవాల్సింది. ఆదివారం గుర్తొచ్చి ఆగాను.

డాక్టరు ఆడమనిషి. చిన్న వయసే. ఇంకా తెచ్చుకోని పిట్టల గురించి అడగడానికి వచ్చానంటే పెన్ను కింద పెట్టి నన్ను చూసింది.

"తెచ్చుకున్నాక చచ్చిపోతున్నాయని వచ్చేవాళ్లే అందరూ. కూర్చో," అంది. తర్వాత తనే అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో పిల్లి ఉందా? లేదు. పంజరం ఎక్కడ పెడతావు? గదిలో, కిటికీ పక్కన. ఇంట్లో ఎవరైనా సిగరెట్, బీడీ, పొగాకు?

"లేదు మేడం," అన్నాను. ఆ జవాబు చెప్పినందుకు కొంచెం గర్వంగా కూడా ఉంది. మా బాపు గల్ఫ్‌లో ఉంటాడు, అక్కడ కూడా తాగడు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు.

"కిటికీలు తీసే ఉంటాయా? గాలి ఆడుతుందా?"

"సాయంత్రం తీస్తం మేడం. పగలు తియ్యం."

"ఎందుకు?"

"తంబాకు లేస్తది."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక కూడా నాకేమీ అనిపించలేదు. ఆమె ముఖం చూశాక అర్థమైంది. ఏం పని చేస్తారని అడిగింది. అమ్మ బీడీలు చేస్తుందని చెప్పాను. మా గల్లీలో ఏ ఇంట్లో చూసినా అదే పని. చాటలో తంబాకు, అంటే పొగాకు పొడి, పోసుకుని ఒళ్లో పెట్టుకుంటే, ఫ్యాన్ వేస్తే ఎగిరిపోతుంది, కిటికీ తీసినా ఎగిరిపోతుంది. తడిపిన బీడీ ఆకు కూడా ఎండిపోయి విరిగిపోతుంది. అందుకని ఎండాకాలమైనా ఫ్యాన్ బంద్, కిటికీ బంద్. అన్నం తినేటప్పుడు మాత్రమే ఫ్యాన్ తిరుగుతుంది. నేనూ పదో తరగతి నుంచి అమ్మ పక్కన కూర్చుని బీడీలకు దారం చుడుతున్నాను. ఇదంతా ఎప్పుడూ ఉండేదే కాబట్టి, ఇంట్లో పొగాకు ఉందా అని అడిగితే లేదనే చెప్పాను. అబద్ధం చెప్పాననుకోలేదు.

"ఆ గదిలో పిట్టల్ని పెట్టకు," అంది డాక్టరు. "పిట్టకు ఊపిరితిత్తులే కాదు, ఒంట్లో గాలి సంచులు కూడా ఉంటాయి. పీల్చింది లోపలంతా తిరుగుతుంది. తంబాకు దుమ్ము, మూసిన గది... దానికి అంతకన్నా చెడ్డది లేదు. గొంతులో గురగుర వస్తుంది, మూతి తెరిచి ఊపిరి తీస్తుంది, రాత్రిపూట ఎక్కువవుతుంది."

నేను రాసుకోవడం ఆపేశాను. గొంతులో గురగుర. మూతి తెరిచి ఊపిరి. రాత్రిపూట ఎక్కువ. మా ఇంట్లో దానికి వేరే పేర్లున్నాయి. చలికాలమైతే చలి దగ్గు, వానల్లో పడిశం, ఎండల్లో ఉడుకు చేసింది అనేవాళ్లం. అమ్మ పక్కన పడుకుని ఆ గురగురలోనే నేను పెరిగాను. అది లేకపోతే నాకు నిద్ర రాదు.

"మేడం, మనుషులకు?" అని అడిగాను.

 "నేను పశువుల డాక్టర్నమ్మా," అంది ఆమె.

బయటికి వచ్చి ఎంతసేపు నడిచానో తెలియదు. ఇంటి గల్లీలోకి తిరిగాక ఒక్కో ఇల్లు దాటుతుంటే మూసిన కిటికీలే కనిపించాయి. రోజూ చూసే కిటికీలే.

అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీ చుడుతోంది. చెమటకు జాకెట్ వీపుకు అంటుకుపోయింది. నేను నిలబడే చెప్పేశాను, డాక్టరు చెప్పింది చెప్పినట్టు. అమ్మ చేతులు ఆగలేదు.

"పిట్టలకు పడదా?" అంది.

"పడదు. ఈ గాలికి సచ్చిపోతయట."

"సావయ్ తియ్. నేను సచ్చిన్నా?" అని నవ్వింది. నవ్వు మధ్యలోనే దగ్గు వచ్చింది. చాట పక్కకు జరిపి, గోడకు చెయ్యి ఆనించి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంది. నేను ఆ నోటినే చూశాను. దవాఖానకు పోదామని అంతకు ముందు ఎన్నిసార్లు అడిగానో. ప్రతిసారీ ఏదో ఒక పండుగ పేరు చెప్పి, అది అయిపోనీ అనేది.

దగ్గు తగ్గాక కొంగుతో మూతి తుడుచుకుని, "ఆ పిల్లకు మాట ఇచ్చిన," అంది. "పిట్టలు లోపలుండనీ. నేనే బయట కూసుంట."

అంతే. ఇన్నేళ్లు కదలని చాట ఒక్క మాటతో లేచింది. ఇంటి వెనక రేకుల కింద, గాలి కొట్టకుండా అమ్మ పాత చీర అడ్డం కట్టింది. తర్వాత ఇద్దరం గది కడిగాం. ఫ్యాన్ రెక్కలు తుడిస్తే గుడ్డ ముదురు గోధుమరంగు అయింది. బకెట్లో నీళ్లు డికాషన్‌లాగా మారాయి. గోడ మీద బాపు ఫొటో ఉంది, గల్ఫ్ పోయే ముందు తీయించుకున్నది. ఆ అద్దం తడిగుడ్డతో తుడిచి ఆగిపోయాను. బాపు వేసుకున్నది పసుపు చొక్కా అని నేను చిన్నప్పటి నుంచి అనుకున్నాను. అది తెల్ల చొక్కా.

"తెల్లదే," అంది అమ్మ వెనక నుంచి. "నేనే ఇస్త్రీ చేసిన."  గుడ్డ తీసుకుని, అద్దం మూలల్లో మళ్లీ తుడిచింది.

ఆదివారం సిరిసిల్ల బస్టాండులో మరదలు పంజరం నా చేతికిచ్చింది. అత్త మూటలు లెక్క చూసుకుంటోంది. "సదివినవా?" అని అడిగింది మరదలు. చదివానన్నాను. "మరి ఏం గావాలెనట?"

"గాలి," అన్నాను.

"గాలి అంతటుంటది గద వదినే," అంది. బస్సు కదిలింది.

శుక్రవారం బాపుకు సెలవు. ఫోన్లో పంజరం చూపించాం. అక్కడి గదిలో ఒకదాని మీద ఒకటి వేసిన మంచాల్లో పైదాని మీద పడుకుని, తలకు పైకప్పు తగులుతుంటే ఒరిగి చూశాడు. "పిట్టలకు అర్ర ఇచ్చి నువ్వు బయట కూసున్నవా?" అన్నాడు అమ్మతో.

"నువ్వు ఇంట్లనే లేవు. నీ అర్ర ఎవలకు కిరాయికిస్తే నీకేంది?" అంది అమ్మ. బాపు నవ్వాడు. అతని వెనక ఎవరో కూడా నవ్వారు. ఆ గదిలో ఎంతమంది ఉంటారో నేనెప్పుడూ అడగలేదని అప్పుడు తట్టింది.

పిట్టలు బాగున్నాయి. తెరిచిన కిటికీ పక్కన పొద్దంతా అరుస్తున్నాయి. అమ్మ అన్నం తినడానికి లోపలికి వచ్చినప్పుడు పంజరం పక్కనే కూర్చునేది. దగ్గు పోలేదు. బయట కూర్చుంటే కొంచెం తక్కువేమో అనుకున్నాను, కానీ నాకు నమ్మాలని ఉండి అలా అనిపించిందేమో చెప్పలేను.

తొలకరి వాన ఒక మధ్యాహ్నం గాలితో కొట్టింది. రేకుల కింద అడ్డం కట్టిన చీర ఊడి ఎగిరింది. నేను గదిలో చదువుకుంటున్నాను. చూస్తే వెనక తలుపు దగ్గర అమ్మ. చాటను పొట్టకు అదుముకుని, తంబాకు తడవకుండా ముందుకు వంగి నిలబడింది. వీపంతా వాన.

"లోపలికి రా అమ్మా."

"పిట్టలున్నయ్ గద," అంది.

గడప మీద నిలబడింది, దాటలేదు. మూసిన గదిలో కూర్చుని ఇన్నేళ్లు ఆ దుమ్ము పీల్చిన మనిషి, రెండు పిట్టల కోసం వానలో ఆగిపోయింది.  లేచి చాట లాక్కుని, వంటింట్లో పెట్టి, మీద బట్ట కప్పి తలుపు వేశాను. వచ్చేసరికి అమ్మ గడప మీదే కూర్చుని కొంగు పిండుకుంటోంది.

"పిట్టల కోసం అన్ని దిక్కుల అడిగొచ్చినవ్," అంది, నా వైపు చూడకుండా. "నా కోసం గూడ ఒకసారి అడుగరాదు."

మర్నాడు జగిత్యాల పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. ఆటో దిగినప్పటి నుంచి అమ్మ నా చెయ్యి వదల్లేదు. లోపల డాక్టరు గొట్టం పెట్టి వీపు మీద చాలాసేపు విన్నాడు. ఎప్పటి నుంచి అని అడిగాడు. చలికి అట్లా అవుతుందని అమ్మ చెప్పింది. బయట ఎండ మండిపోతోంది.

"ఇంట్లో ఎవరైనా పొగాకు వాడతారా?"

"లేదు సారూ," అంది అమ్మ, కొంచెం గర్వంగానే. "మా ఇంట్ల ఎవలకు గా అలవాటు లేదు."

ఆయన రాసుకోవడానికి తల వంచాడు. నేను ఎప్పటిలాగే అమ్మ వెనక నిలబడి ఉన్నాను. ముందుకు వచ్చాను.

"ఉన్నది సార్," అన్నాను. "మా ఇంట్ల తంబాకు ఉన్నది. నేను చెప్త, రాసుకోండి."