సరంగు మావయ్య వ్యోమనౌక

ఒక మరపడవ, దానిమీద పనిచేసే ఏడుగురు కళాసీలు, పడవ కడుపు నిండా ఐసు. ఇవన్నీ ఒకరోజు ఫిషింగ్ హార్బర్‌లో అడుగు కదలకుండా ఆగిపోయాయి. ఇంజిను పాడవలేదు, తుఫాను రాలేదు. ఆపింది నా సైకాలజీ. ఈ ఘోరాన్ని నా చేత్తోనే రాసిపెట్టాలి. ఎందుకంటే ఇప్పటికే హార్బర్‌లో దీన్ని మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు, మూడింటిలోనూ చివరికి నేను చెప్పులు వదిలేసి పరిగెత్తాను. నేను పరిగెత్తలేదు. చెప్పులు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నాది అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. సెలవు దొరికితే ద్వారకా నగర్ లైబ్రరీలో వాలిపోయేవాణ్ని. అక్కడ మనస్తత్వ శాస్త్రం బీరువా తలుపు తీసేది నేనూ, బొద్దింకలూ. ఒక వేసవిలో భయపెట్టే సినిమాల మీద ఒక పుస్తకం దొరికింది. దాని సారాంశం ఏమిటంటే, దయ్యాలు బయటెక్కడో ఉండవు, మనం ఇంట్లో చెప్పుకోలేని మాటలే దయ్యాలై తెరమీద తిరుగుతాయి. ఈ ముక్క నా తలకెక్కింది. ఎక్కింది దిగాలి కదా, దిగలేదు. టీవీలో పిశాచం కనబడితే చాలు, అది ఎవరి మేనత్తో చెప్పేసేవాణ్ని.

నాతో పనిచేసే నూకరాజు వాళ్లది సముద్రం వేట. వాళ్ల నాన్న పోలయ్య మావయ్య సరంగు, అంటే పడవ నడిపే పెద్ద. వేసవిలో రెండు నెలలు వేట నిషేధం కాబట్టి మావయ్య ఇంట్లోనే ఉండి, వల బాగుచేసుకుంటూ మధ్యాహ్నం సినిమాలు చూసేవాడు. అలా ఒకరోజు నేనూ వెళ్లి కూర్చున్నాను. వ్యోమనౌక సినిమా, తెలుగు డబ్బింగు. నౌకలో ఏదో జంతువు దూరి మనుషుల్ని ఒక్కొక్కరినే మాయం చేస్తోంది. కెప్టెన్ మాత్రం వెనక్కి తిరగడు.

"ఏటి బాబూ, ఆ కెప్టెన్ ఇంటికెల్లిపోవచ్చు గదా?" అంది నూకరాజు వాళ్లమ్మ పోలమ్మత్త.

"వెళ్లలేక కాదత్తా, ఇష్టం లేక."

"మరి పెళ్లాం రేడియోలో పిలుస్తంటే పలకడేటి? సెట్టు పాడైపోనాదంటన్నాడు."

"సెట్టు శుభ్రంగా ఉంది. మనసే దాన్ని కట్టేసింది. ఆ జంతువు ఏమిటనుకున్నావు? అది ఇల్లే. ఇంటిమీద భయానికే గోళ్లూ పళ్లూ మొలిచాయి."

పోలయ్య మావయ్య దగ్గాడు. అది హెచ్చరిక. నేను ప్రోత్సాహం అనుకున్నాను.

"ఓడ నడిపే ప్రతివాడిలోనూ ఇలాంటి కెప్టెన్ ఒకడుంటాడత్తా" అన్నాను.

పోలమ్మత్త మొగుడి వైపు తిరిగింది. "మార్చిలో పదైదు రోజులు వైర్‌లెస్ పాడైపోనాదన్నావ్ గదా."

"సినిమా సూడయే" అన్నాడు మావయ్య వలలోకి తల దూర్చేస్తూ.

నాలుగు రోజుల తర్వాత నిషేధం అయిపోయింది. రెండు నెలలు ఎవరూ వల వెయ్యని సముద్రం కదా, మొదటి వేటలో ముందు వెళ్లినవాడికి ముందు దొరుకుతుంది. పొద్దున్నే నూకరాజు ఫోను.

"బావ, మాయమ్మ బోటు కాడికి రానంటంది."

"రాకపోతే ఏమవుతుంది?"

"నీకు పుస్తకాలే తెలుసురా బావ. సరంగు ఇంటి ఆడమనిసి బోటు మూతికి పసుపు కుంకుమ ఎట్టి కొబ్బరికాయ కొట్టకపోతే మొదటి ఏటకి కళాసీలు ఎక్కరు. అవతల బోట్లన్నీ ఎల్లిపోతన్నాయి. మా కళాసీ అప్పన్న ఐసు కరిగిపోద్దని గోనెలు కప్పుతన్నాడు. నీ సైకాలజీ నువ్వే వొచ్చి ఇప్పు."

వెళ్లాను. పోలమ్మత్త గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆ బియ్యంలో రాళ్లు లేవు.

"అత్తా, నేను సగమే చెప్పాను. ఆ కెప్టెన్‌కి ఇల్లంటే ప్రాణం. అతిప్రేమ ఒక్కోసారి భయంలా కనబడుతుంది."

"పేనమైనోడు పదైదు రోజులు పలకడా?"

"అది వేరు. మనిషి మనసుకి రెండు అరలుంటాయి. పై అరలో నువ్వున్నావు."

ఏరడం ఆగింది. "కింద అరలో ఎవులున్నారు?"

నూకరాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడే హార్బర్ నుంచి పోలయ్య మావయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఎవులూ లేరే. నువ్వు ఒడ్డు నుంచి వైర్‌లెస్‌లో ఏటడుగుతావ్? బీపీ గోలీలేసుకున్నావా, బనీను మార్సినావా అని. అది నా ఒక్కడికే ఇనబడతాదా? సుట్టూ ఉన్న బోట్లన్నీ ఇంటాయి. తెల్లారి లెగిస్తే ఒకడి తరవాత ఒకడు, 'సరంగూ, బనీను మార్సినావా?' నాను సరంగునే, నాకు పరువుండద్దా? అందుకే సెట్టు కట్టేసినాను."

పోలమ్మత్త బియ్యం చేట పక్కన పెట్టింది. "ఈ మాట మార్చిలోనే సెప్పొచ్చు గదా."

"సిగ్గేసినాది."

"చూశావా అత్తా," అన్నాను ఉత్సాహంగా, "ఇంట్లో చెప్పుకోలేని మాటే..."

నూకరాజు నా నోరు మూసేశాడు. అత్త లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "ఇకనించి గోలీలేసుకుంటే 'ఐసు బాగుంది' అను సాలు. బనీను సంగతి వొచ్చినాక నానే సూసుకుంతాను."

కొబ్బరికాయ ఒక్క దెబ్బకి పగిలింది. పడవ కదిలింది. ఒడ్డున నిలబడి, చివరికి నా విశ్లేషణ ఒక సంసారాన్ని బాగుచేసిందని గర్వంగా అత్తతో అన్నాను. ఆమె పడవ మీంచి చూపు తిప్పకుండానే అంది:

"ఒకటి సెప్పనా బాబూ. ఆ సినిమాలో జంతువొచ్చినప్పుడల్లా నువ్వు టీవీకి ఈపు ఎట్టి మాకు అర్థాలు సెప్పినావ్. అది పోగానే మల్లీ తిరిగి కూకున్నావ్. గోళ్లూ పళ్లూ మొలిసినాయన్నావ్ సూడు, దానికి పళ్లే లేవు."

బీరువా నిండా ఉన్న పుస్తకాలు చదివిన నాకు ఇంత సూటిగా మనసు చదవడం రాలేదు.

గోనెలన్నీ కప్పి ఐసు కాపాడిన అప్పన్నకీ, సమయానికి నా నోరు మూసిన నూకరాజుకీ, సిగ్గు విడిచిన పోలయ్య మావయ్యకీ, నన్ను చదివేసిన పోలమ్మత్తకీ నా కృతజ్ఞతలు. వాళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గ్రహం నుంచి ఏ జంతువు దిగినా దానికి నేను అర్థం చెప్పను. భయమేస్తే మర్యాదగా దుప్పటి ముసుగేసుకుంటాను.