మెంతుల తగవులో కారు తాళాలు

ఆ రోజుల్లో కెనడాలోని మిస్సిసాగాలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా ఒక తెలుగు స్టూడెంటే వచ్చి తీసేవాడు. పగలు కాలేజీ, సాయంత్రం పార్ట్‌టైమ్, మధ్యలో బస్సులో నిద్ర. మావాళ్ళందరూ గోడౌన్లలో పెట్టెలు మోస్తుంటే నేను మాత్రం ఒక యెమెనీ హోటల్ కిచెన్‌లో కుదిరాను. ఓనరంకుల్, ఆయన భార్య నడిపేవారు. ఆవిణ్ణి అందరూ ఖాలా అనేవారు, అంటే పిన్ని. వాళ్ళ దేశంలో యుద్ధం మొదలయ్యాక చెల్లాచెదురైన చుట్టాలూ ఊరివాళ్ళూ శుక్రవారం మధ్యాహ్నం అక్కడే చేరేవారు. నాకూ ఆ ఊళ్ళో 'తిన్నావా' అని అడిగి వేడన్నం పెట్టే చోటు అదొక్కటే.

వాళ్ళకు సల్తా అని ఒక మాంసం పులుసుంది. రాతిగిన్నెలో కుతకుతలాడుతూ వస్తుంది, పైన తెల్లటి మెంతి నురుగు. మెంతిపిండిని నానబెట్టి, చేదునీళ్ళు వంపేసి, పొంగేదాకా గిలకొట్టాలి. నానబెట్టడం, వంపడం అంకుల్ పని. గిలకొట్టడం నాది. ఒక శుక్రవారం ఎవరో పెద్దమనిషి ముద్ద నోట్లో పెట్టుకుని చేదుకి మొహం వికారంగా పెట్టాడు. అంతే, అంకుల్ హాలంతా వినేలా అరిచాడు. "మెంతులంటే ఏమిటో తెలియనివాణ్ణి తెచ్చి కిచెన్‌లో పెట్టుకున్నాను!"

నాకు మెంతులు తెలియవట! ఆవకాయ జాడీల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో మజ్జిగపులుసులో మెంతులు, దోసెలపిండిలో మెంతులు, నానమ్మ తలకు రాసుకునేదీ మెంతులే. దొంగ అన్నా అంత మండేది కాదు. ఏప్రన్ విసిరికొట్టి బయటికొచ్చేశాను. (అందరికీ అలాగే చెప్పుకుంటాను గానీ, కోపంలో ముడి రాక ఆ ఏప్రన్‌తోనే బస్సెక్కాను.)

మర్నాడు పొద్దున తలుపు తీస్తే అంకుల్, వెనకాల ముగ్గురు ముసలాళ్ళు, భుజాల మీద మంచు. లోపలికొచ్చి నా చాప మీద కూర్చున్నారు. అంకుల్ తలొంచుకుని కారు తాళాలు తీసి నా ముందు పెట్టాడు. నీళ్ళు వంపడం మరిచింది తానేనట, ఖాలా చెప్పిందట. మా గుంటూరు రూమ్మేట్ నా చెవిలో, "ఒరేయ్, కారిచ్చేస్తున్నాడ్రా! ఇన్సూరెన్స్ ఎవరు కడతారో అడుగు" అన్నాడు.

ముసలాళ్ళలో అందరికంటే పెద్దాయన 'ఇన్సూరెన్స్' అన్న మాట పట్టుకుని నవ్వాడు. "మా దేశంలో తప్పు చేసినవాడు నడుముకున్న కత్తి తీసి ఎదుటివాడి ముందు పెడతాడు బాబూ. తీర్పు నీది అని దానర్థం. ఇక్కడ కత్తితో తిరిగితే పోలీసులొస్తారు కదా, అందుకని తాళాలు."

అప్పుడు తాళాలు తిరిగిచ్చేసి కౌగిలించుకోవడం మర్యాదట. నాకేం తెలుసు? తెలిసినా ఇచ్చేవాణ్ణి కాదేమో, ఒళ్ళింకా మండుతోంది. "అందరి ముందూ అన్నారు, అందరి ముందే చెప్పాలి. శుక్రవారం దాకా తాళాలు నా దగ్గరే ఉంటాయి" అన్నాను. పెద్దాయన గడ్డం నిమురుకుని, "నిజంగా ఉంచేసుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. తీర్పు తీర్పే. నలుగురూ ఆ మంచులో నడిచి బస్‌స్టాపుకు వెళ్ళారు.

వారమంతా అంకుల్ బస్సులోనే తిరిగాడు. ఒక్క ఫోన్ చేయలేదు, బతిమాలలేదు. శుక్రవారం హాలు నిండాక నిలబడి, "ఈ అబ్బాయికి మెంతులు తెలుసు. నీళ్ళు వంపనిది నేను" అని మొదట అరబిక్‌లో, తర్వాత నా కోసం ఇంగ్లీషులో చెప్పాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఖాలాయే. తాళాలు ఇచ్చేశాను. అంకుల్ నన్ను పెద్ద పళ్ళెం దగ్గర తన పక్కనే కూర్చోబెట్టుకుని, మెత్తటి ముక్కలన్నీ తుంచి నా వైపే తోశాడు. కోపం ఇంకా కాస్త మిగిలే ఉంది గానీ, మాంసం మాత్రం అద్భుతంగా ఉంది.

తర్వాత ఆఫీసుల్లో చేరాను. మీటింగుల్లో నలుగురి ముందూ నానా మాటలూ అని, సాయంత్రం 'మీరు బాధపడి ఉంటే సారీ' అని మెయిల్ పెట్టే మేనేజర్లను ఎంతమందినో చూశాను. బాధపడి ఉంటేనట! ఒక్కడంటే ఒక్కడు తాళాలు పెట్టలేదు.

నిన్న మా ఆరేళ్ళ అమ్మాయిని చేయని తప్పుకి, చుట్టాల ముందు కసిరాను. రాత్రి భోజనాల దగ్గర కారు తాళాలు దాని కంచం పక్కన పెట్టి కథంతా చెప్పాను, ఇలాంటప్పుడు తిరిగిచ్చెయ్యడమే మర్యాద అని కూడా చెప్పాను. అది తాళాలు జేబులో వేసుకుని, "ఐ విల్ థింక్ అబౌట్ ఇట్, నాన్నా" అంది.

ఇదంతా ఆఫీసుకెళ్ళే బస్సులో కూర్చుని రాస్తున్నాను.