ఖాళీ అన్న తుపాకీ

మా ఇంటి ఓనరు సాలిం ఈ సాయంత్రం ఒక పాత తుపాకీని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. పోయిన నెల చనిపోయిన వాళ్ల నాన్నది. ఒమాన్‌లోని ఈ నిజ్వా ఊళ్లో పెళ్లిళ్లకు పెద్దవాళ్లు ఇలాంటివి భుజాన వేసుకుని వెళ్తారు. ఇది నిజంగా జర్మన్ సైన్యానిదా, నకలా అని అన్నదమ్ముల మధ్య వాదన. కాలేజీలో వర్క్‌షాప్ నేర్పుతాను కాబట్టి ఇనుము మీది గుర్తులు నాకు తెలుస్తాయని అతని నమ్మకం.

"లోపల తూటా ఉందా?" అని అడిగాను.

"ఖాళీ, ఉస్తాద్. నా చిన్నప్పటి నుంచీ ఖాళీయే. పొద్దున పిల్లలు దీంతో ఫోటోలు కూడా దిగారు."

గొట్టాన్ని పెరట్లో మట్టిదిబ్బ వైపు తిప్పి, తూటా గదిని మూసే బోల్ట్ పట్టుకున్నాను. బిగిసిపోయి ఉంది. అరచేత్తో మెల్లగా పైకెత్తి వెనక్కి లాగాను. నల్లబడిన తూటా ఒకటి బయటకు వచ్చి చాప మీద పడింది.

సాలిం గోడకానుకుని కూర్చుండిపోయాడు. "నాన్నను ఎప్పుడూ అడగలేదు" అన్నాడు.

తర్వాత టార్చి వేసి చూశాం. కిరీటం ముద్ర, జర్మన్ అక్షరాలు ఉన్నాయి. బోల్ట్ మీదా గొట్టం మీదా ఒకటే నంబరు. అసలుదే అనిపించింది. చెక్కకు పాలిష్ పెట్టిస్తానంటే వద్దన్నాను. వాళ్ల నాన్న చెయ్యి ఆనిన చోట నలుపు అలాగే ఉంది. తూటాను పోలీసులకు అప్పగించమన్నాను.

"ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. తెరిచి చూడాలి" అని చెప్పి పంపాను.

తలుపు వేస్తుంటే దాని వెనక కొక్కేనికి నా భార్య హ్యాండ్‌బ్యాగు కనిపించింది. ఆమె పోయి ఎనిమిది నెలలు. అందులో ఏమీ ఉండదులే అనుకుంటూ ఇంకా జిప్ తీయలేదు.

మీరైతే తీస్తారా?