బండమీద మిగిలిన ఆకు

"మేడం, ఒక ఆకు మిగిలింది."

దూలయ్య మాట వినగానే షాహీన్ బండ దగ్గరికి పరుగెత్తింది. దుమ్ముగూడెం అడవిలో మంటలు పాకకుండా ఎండాకులు ఊడ్చి బాటలు తీసే పన్నెండుమంది కోయ యువతీయువకులకు దూలయ్య మేస్త్రీ, ఆమె ఫారెస్టు ఆఫీసరు. అడవిలోకి వెళ్లేముందు ప్రతివాళ్లూ బండమీద ఒక తునికాకు పెట్టి రాయి ఉంచాలి. తిరిగొచ్చాక ఎవరిది వాళ్లే తీయాలి. ఆకు మిగిలిందంటే ఎవరో ఇంకా అడవిలోనే ఉన్నట్టు. అందరికంటే చివర దూలయ్య తనది తీసుకుంటాడు. భార్య పోయాక ఇంటి దగ్గర అతని కోసం ఎదురుచూసేవాళ్లు లేరు.

ఆ సాయంత్రం అతనిది గాక మిగిలింది ఆ గుంపులోని దుర్గ ఆకు. షాహీన్ ఊళ్లోకి ఫోన్లు చేస్తుంటే, దూలయ్య చుట్ట కూడా వెలిగించకుండా బండ పక్కనే అడవివైపు చూస్తూ కూర్చున్నాడు. గంటకు దుర్గ ఊరివైపు నుంచి రొప్పుతూ వచ్చింది.

"వాగు బాటన ఇంటికి పోయిన తాతా, ఆకు సంగతే మర్చిన!"

దూలయ్య తిట్టలేదు. "నీ ఆకు నువ్వే తియ్యి బిడ్డా," అన్నాడు. ఆమె తీశాకే తన ఆకు తీసుకున్నాడు.

జీపు ఎక్కబోతూ షాహీన్ తన సంగతి చెప్పింది. తన రెండేళ్ల పాప ఏడుస్తుందని, పాల్వంచలోని ఇంటినుంచి రోజూ దాని కళ్లుగప్పి బయటపడుతుందట.

"గట్ల రావొద్దు మేడం. చెప్పొస్తే జర్రసేపు ఏడ్చి ఊకుంటది. చెప్పకుంటే దినమంతా ఎదురుచూస్తది," అన్నాడు దూలయ్య.

ఇప్పుడు షాహీన్ రోజూ గడప దగ్గర పాప గుప్పిట్లో ఒక ఆకు పెట్టి, చెప్పే బయల్దేరుతుంది. పాప ఏడుస్తుంది. సాయంత్రం నలిగిన ఆ ఆకును షాహీనే వచ్చి తీసుకుంటుంది.