జర్మనీ నుంచి తెచ్చిన ప్రజాస్వామ్యం

విజయనగరం నుంచి సికింద్రాబాద్ వచ్చి మల్కాజ్‌గిరి వెళ్ళే లోకల్ రైలెక్కాను. ఎదుటి సీట్లో ఒక పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్. జర్మనీలో ఏదో సెమినార్‌కు వెళ్ళొచ్చారట, రైలు కదిలిన దగ్గర్నుంచీ అదే పాఠం.

"జర్మనీల స్టూడెంట్లు ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలుస్తరు. తప్పు చెప్తే మొహం మీదనే అంటరు. డెమోక్రసీ అంటే గట్లుండాలె. మనోళ్లకు బానిస బుద్ధి పోదు."

ఆయన బ్యాగూ టిఫిన్ క్యారియరూ పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. నలభైకి దగ్గరపడిన మనిషి, ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేస్తోందట. ఆయన పక్క సీటు ఖాళీయే. గైడు పక్కన కూర్చోవడం మర్యాద కాదట.

"మీరూ సార్‌ని పేరు పెట్టి పిలుస్తారా?" అని ఆవిడను అడిగాను.

ఆవిడ ఆయన వైపు చూసి, క్యారియర్ చేయి మార్చుకుంది.

"వచ్చే నెల నా వైవా ఉంది మేడం."