కొమురెల్లి కట్టిన చక్రాలు

“...అయితె నువ్వే చెప్పు మీ బాపుకు. నా నోటితోని చెప్పియ్యకు.”

“ఎట్ల చెప్పాలమ్మా? పొద్దటి సంది ఈల కొట్టుకుంట కూసున్నడు.”

“మరి ఆ చక్రాలే ఏసుకొని పో. కిందవడి పండ్లు రాలగొట్టుకో. మీ బాపు మనసు సల్లగుంటది.”

దుకాణానికీ ఇంటికీ మధ్య ఒక్క రేకు తలుపు. దానికి ఇవతల రాములమ్మ, కూతురు అహల్య గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. అవతల కొమురెల్లి కూతురి సైకిలుకు వెనక చక్రం కడుతున్నాడు.

స్టేషన్ ఘన్‌పూర్‌లో కొమురెల్లి దుకాణం రైలు గేటు దగ్గర ఉంది. చిన్నప్పుడు అక్కడే పనికి చేరి, పెద్దయ్యాక ఆ దుకాణాన్నే కొన్నాడు. గంటల లెక్కన సైకిళ్లు కిరాయికిచ్చిన రోజులు చూశాడు. ఊళ్లోకి మోటారు బండ్లు వచ్చి ఆ కిరాయిలు పోవడమూ చూశాడు. ఇప్పుడు వచ్చేవి పాలవాళ్ల సైకిళ్లు, పిల్లల బడి సైకిళ్లు. అయినా రిమ్ముకు స్పోకులు ఎక్కించి చక్రం కట్టించుకోవాలంటే పాలకుర్తి నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆయన పద్ధతి ఆయనది. చక్రాన్ని ఒళ్లో నిలబెట్టుకొని, కుడిచేత్తో కుడిపక్క స్పోకులను, ఎడమచేత్తో ఎడమపక్క స్పోకులను ఒకేసారి పిసికి చూసేవాడు. బిగువు ఎక్కడెంత ఉండాలో చేతులకు తెలుసు. సడలినట్టు తగిలిన వైపు పానాతో బిగించేవాడు. కొలిచే పరికరం ఏదీ దుకాణంలో ఉండేది కాదు.

రెండేళ్ల కింద ఎడమపక్క పక్షవాతం వచ్చింది. వరంగల్ దవాఖానలో కొన్నాళ్లు పడి ఉన్నాడు. తర్వాత కాలు కదిలింది, మాట తిరిగొచ్చింది. చెయ్యి కూడా పనికి వచ్చింది. పట్టుకుంటుంది, తిప్పుతుంది. స్పర్శ మాత్రం రాలేదు. వేడిగిన్నె పట్టుకుంటే బొబ్బ చూసి తెలుసుకోవాల్సిందే. “జర మొద్దుబారింది, అంతే” అంటాడు.

దానివల్ల చక్రాలకేమవుతోందో కనిపెట్టింది అహల్య. ఎడమచేతికి బిగువు తగలదు. అందుకని ఎడమపక్క ఎప్పుడూ సడలినట్టే తోస్తుంది. ఇంకో చుట్టు బిగిస్తాడు. ఆయన కట్టిన చక్రాలన్నీ ఎడమకు గుంజుకుంటున్నాయి. తండ్రి అన్నానికి లోపలికి వెళ్లినప్పుడు ఆమె పానా తీసుకొని వాటిని సరిచేసి పెడుతోంది. ఆమె ఇంట్లో లేనప్పుడు కట్టినవి అట్లాగే వెళ్లిపోతున్నాయి.

డిగ్రీ చదువుతూ అహల్య రోడ్డు సైకిల్ పందేల్లోకి వచ్చింది. పాలకుర్తి రోడ్డు మీద రోజూ పొద్దున తొక్కుతుంది. వచ్చే వారం రాష్ట్ర జట్టు ఎంపిక. ఆమె సైకిలు ఎవరో వాడి అమ్మినది. దాని చక్రాలు అరిగిపోయాయి. కొత్త జత గురించి ఆ ఇంట్లో మాట్లాడుకోవడమే దండగ. హైదరాబాదులో పందేలు తొక్కే కృష్ణ అనే అతను తన పాత చక్రాల జతను అమ్ముతానన్నాడు. గీతలు పడ్డవే కాని గట్టివి. డబ్బు మెల్లగా ఇచ్చినా సరే అన్నాడు.

“ఇంట్ల నేనుండంగ ఇంకొకడు ఇడిసిన చక్రాలెందుకు బిడ్డా?” అన్నాడు కొమురెల్లి. రిమ్ములు, స్పోకులు విడిగా తెప్పించాడు. అహల్య కాదనలేకపోయింది.

ముందు చక్రం నాలుగు రోజుల కిందే కట్టి బిగించాడు. తండ్రి కళ్ల ముందే ఉన్నదాన్ని సరిచేసే వీలు దొరక్క, అహల్య దానిమీదే తొక్కి వస్తోంది. ఈ పొద్దు తుడుస్తుంటే, రిమ్ములో ఎడమపక్క స్పోకుల రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించాయి. పాలసైకిలు ఇనుప రిమ్మయితే అంత బిగువును తట్టుకునేది. ఇది పల్చనిది. పగిలినదాన్ని పానా బాగుచెయ్యదు.

పాల యాదగిరి వచ్చి సైకిలు గోడకు ఆనించాడు.

“ఏందన్నా, నీ బిడ్డకైతె గింత ముద్దుగ కడ్తున్నవ్. నాది కట్టిన్నాడు నిద్రవోయినవా?”

“ఏమైందిరా?”

“కల్లు నేను తాగితె అది తూలుతాంది. జర చూడు. హోటల్ల పాలు పోసొస్త.”

“గతుకులల్ల తోలితె చక్రమేం చేస్తది?” అని కొమురెల్లి నవ్వాడు.

యాదగిరి క్యాను పట్టుకొని వెళ్లాక లేచి, ఆ సైకిలు ముందు చక్రాన్ని తిప్పి చూశాడు. రిమ్ము ఎడమపక్క రబ్బరు బ్రేకు కట్టకు రాసుకుంటోంది. తర్వాత అహల్య సైకిలు దగ్గరకు వెళ్లాడు. ఎడమ బ్రేకు కట్ట అరిగి నున్నబడి ఉంది. కుడిది కొత్తదాని లాగే ఉంది.

ముందు చక్రాన్ని విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. రెండు చేతులతో పిసికాడు. ఎడమపక్క సడలినట్టే తోచింది. చక్రాన్ని అటుది ఇటు తిప్పి, ఆ పక్క స్పోకులనే కుడిచేత్తో పిసికాడు. అవి కదల్లేదు. మళ్లీ ఎడమచేత్తో పట్టుకున్నాడు. మళ్లీ కుడిచేత్తో. అప్పుడు రంధ్రాల చుట్టూ పగుళ్లు కనిపించాయి.

ఈల ఆగిందని ముందు గమనించింది రాములమ్మ. తలుపు తీసింది. ఆమె వెనక అహల్య.

“గిట్ల కడ్తుంటె ఇన్నొద్దులు యాదగిరి తప్ప ఎవ్వలు మల్లి రాలే. నేను కట్టినవి నువ్వు మల్ల సరిజేస్తున్నవా?” అన్నాడు కొమురెల్లి తల ఎత్తకుండా.

అహల్య గడప దాటి వచ్చి చక్రం పక్కన కూచుంది.

“ఎప్పటి సంది, బిడ్డా?”

“పోయిన ఎండకాలం సంది, బాపు.”

“మంచిగనే నేర్చినవ్. నాకెరుకనే కాలే.”

“అన్నం తిందువు, రావయ్యా” అంది రాములమ్మ.

ఆయన లేవలేదు. పానాను ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకొని అహల్య వైపు చాచాడు. ఆమె వెంటనే అందుకోలేదు. ఆయన చెయ్యి చాచే ఉంచాడు. చివరికి తీసుకుంది.

“కృష్ణకు ఫోన్ చెయ్యి. ఆ జత పంపుమను. యాదగిరిది నువ్వే ఇప్పి కట్టు. రేపటి సంది చక్రాలు నేను ముట్ట. గాలి కొడ్త, పంచర్లేస్త.”