ఏబి గ్రూపు పాప

1996 జూన్‌లో నన్ను మేడ్చల్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి గ్రేడ్ టూ ల్యాబ్ టెక్నీషియన్‌గా వేశారు. శిక్షణ అప్పుడే ముగిసింది. రక్తం గ్రూపులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా వస్తాయో నాకు కంఠతా వచ్చు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేదాన్ని.

ఆ నెలలోనే రావల్కోల్ నుంచి యాదగిరి, అతని భార్య సుజాత తమ నాలుగేళ్ళ పాపను తీసుకొచ్చారు. బడి దరఖాస్తులో గ్రూపు రాయాలట. తెల్ల పలక మీద మూడు రక్తపు చుక్కలు వేసి, ఒకదానిలో నీలం సీరం, ఇంకోదానిలో పసుపు సీరం, మూడోదానిలో పాజిటివో నెగటివో తేల్చే సీరం కలిపాను. నీలంలో రక్తం గుత్తులు కడితే ఏ, పసుపులో కడితే బి, రెండింటిలోనూ కడితే ఏబి, దేనిలోనూ కట్టకపోతే ఓ. పాపకు మూడు చుక్కలూ గుత్తులు కట్టాయి. ఏబి పాజిటివ్.

తల్లిది బి అని కాన్పు చీటీలో ఉంది. తండ్రి తన కుత్బుల్లాపూర్ ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు చూపించాడు. దాని మీద ఓ అని ఉంది. నా నోరు ఊరుకోలేదు. పిల్లలకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయనీ, ఓ గ్రూపు తండ్రి దగ్గర ఇవ్వడానికి ఏ గానీ బి గానీ ఉండవనీ, కనుక అతనికి ఏబి పిల్ల పుట్టదనీ గడగడా చెప్పేశాను. చెప్పాక వాళ్ళ ముఖాలు చూశాను.

యాదగిరి గొంతు తగ్గించి, "ఇగ నువ్వు అవ్వగారింటికి నడువు" అన్నాడు భార్యతో. పుట్టింటికి పొమ్మన్నా సుజాత ఏడవలేదు. నా వైపు తిరిగి, "మేడం, నాది మల్ల జూడుండ్రి. పాపది జూడుండ్రి. గీయనది గూడ జూడుండ్రి" అంది. సిగ్గుతో నా చెవులు మండాయి.

ముగ్గురి రక్తమూ తీశాను. పాప ఏబి, తల్లి బి. యాదగిరి చుక్కలో నీలం సీరం కలిపి పలకను అటూ ఇటూ వంచుతుంటే, అర నిమిషంలో ఎర్రటి గుత్తులు తేలాయి; పసుపులో తేలలేదు. 'ఏ' గ్రూపు! కొత్త సీరం సీసా మూత విప్పి మళ్ళీ చేశాను. మళ్ళీ 'ఏ'. 'ఏ' గ్రూపు తండ్రికీ 'బి' గ్రూపు తల్లికీ ఏబి పాప నిక్షేపంగా పుడుతుందని కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చెప్పాను. అంత సంతోషం నాకు పరీక్ష పాసైన రోజున కూడా కలగలేదు.

మరి కార్డు సంగతేమిటని అడిగాను. ఫ్యాక్టరీలో రక్తపరీక్షలు పెట్టిన రోజు మిషన్ విడిచి రాలేక, అక్కడే పనిచేసే తమ్ముణ్ణి తన బదులు వరుసలో నిలబెట్టాడట. "ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్ళం. రక్తం ఒక్కటే గద, మేడం" అన్నాడు. తల్లిదండ్రులిద్దరిదీ 'ఏ' గ్రూపే అయినా, ఇద్దరిలోనూ 'ఓ' దాగి ఉంటే ఒక కొడుకు 'ఏ', ఇంకొకడు 'ఓ' కావచ్చని మళ్ళీ పాఠం చెప్పాను.

కార్డు దిద్దించుకోమని అతనికి కొత్త చీటీ రాసిచ్చాను. సుజాత పాపను ఎత్తుకుని, "కార్డు దిద్దుతరు. నన్నన్న మాటను ఎవలు దిద్దుతరు?" అంది. మాలో ఎవరినన్నదో నేను అడగలేదు.

పదవీ విరమణ దాకా కార్డు చూసి ఎవరి గ్రూపూ చెప్పలేదు. నా చేత్తో రక్తం తీసి, రెండుసార్లు చూసి, అడిగినంత వరకే చెప్పాను.